లోపలి పలక

"గడప దాటకు దేవన్నా!" జవాను బీరప్ప తన చేతికర్రను వాకిలికి అడ్డం పెట్టాడు. "పని అయ్యేదాక నిన్ను బయటికి ఇడువద్దని దొర హుకుం."

"బాయికాడికి పోయి నీళ్లు తెచ్చుకుంట."

"నీళ్లు నేను తెప్పిస్త. నువ్వు గా డబ్బా సంగతి చూడు."

వడ్రంగి దేవప్ప వెనక్కి తిరిగాడు. ఇంటి నడుమ చాప మీద ఆ 'డబ్బా' పడి ఉంది. మెడ విరిగి, వీపు చీలి, ఆరు తీగలూ వేలాడుతున్న గిటారు. గడీ దొర కొడుకు పట్నం నుంచి తెచ్చుకున్నది. అచ్చం అలాంటిదే ఇంకొకటి చేసివ్వాలి. నారాయణఖేడ్‌లో అప్పటిదాకా దాని పేరు విన్నవాళ్లు కూడా లేరు.

మూలన రెండు మూటలు కట్టి ఉన్నాయి. ఆ పొద్దున దేవప్ప, అతని భార్య రామవ్వ షోలాపూర్ పోవాల్సింది. అక్కడి మిల్లులో వడ్రంగులు కావాలని రామవ్వ తమ్ముడు కబురు పంపాడు. బండి కంటే ముందు జవాను వచ్చాడు.

"ఎన్ని దినాలైతది?" అడిగింది రామవ్వ.

"తక్కువల తక్కువ నెల."

ఆమె ఒక మూట ముడి విప్పి, వంటగిన్నె ఒక్కటి బయటికి తీసి, మళ్లీ ముడి వేసింది.

దేవప్ప పాత గిటారును పూర్తిగా విప్పేశాడు. ఎముకలు లెక్కపెట్టినట్టు లోపలి పుల్లలన్నీ చూశాడు. గడీకి సామాను వచ్చిన దేవదారు పెట్టె ఒకటి అడిగి తెప్పించుకుని, దాని పలకను గిటారు ముఖానికి వాడాడు. చిత్రిక పట్టి పట్టి, ఎండకు పెడితే అవతల వేళ్ల నీడ కనిపించేంత పలుచన చేశాడు. టేకు పట్టీలను నీళ్లలో నానబెట్టి, కాలిన ఇనుపగొట్టం మీద వంచాడు. మూడు విరిగాయి. నాలుగోది ఆడమనిషి నడుములా తిరిగింది. సరేసు జిగురు వండి అంటించి, తాళ్లతో బిగించి కట్టాడు.

వాకిట్లో జవాను. లోపల పొయ్యి సెగ, సరేసు కంపు. రామవ్వ ఒక్కతే బయటికి పోయి వచ్చేది. రోజూ గిన్నె కడిగి మూటలో పెట్టేది, మళ్లీ తీసేది.

నెల మీద నాలుగు రోజులకు పాత తీగలే దానికి కట్టి, దేవప్ప ఒక్కసారి వేలితో మీటాడు.

రొట్టె చేస్తున్న రామవ్వ చెయ్యి ఆగిపోయింది. ఆ నాదం గోడలను తాకి, ఇల్లంతా తిరిగి, మెల్లగా సద్దుమణిగింది. దేవప్ప దాన్ని ఒళ్లోకి తీసుకుని కూర్చున్నాడు. తన చేతులతో ఇంత మంచి వస్తువు ఎన్నడూ చెయ్యలేదని అతనికి తెలుసు.

బీరప్ప బీడీ పారేసి లోపలికి వచ్చాడు. "దేవన్నా, గిది దొర ఇన్నడంటే నువ్వు ఖతం."

"ఏందే గట్లంటవ్? మంచిగనే అయింది గదా!"

"మంచిగైంది గనుకనే చెప్తున్న. మా కల్హేర్ల బంగారం పని చేసే అవుసుల సంగప్ప ఒక్క వడ్డాణం చేసిస్తనని గడీకి పోయిండు. చెయ్యి బాగుందని దొర ఉంచుకున్నడు. ఏడేండ్లాయె. పెండ్లాం పండుగకొచ్చి సూసి పోతది."



"దాని గొంతు పిసుకు," అంది రామవ్వ. "చెయ్యరాదనుకుని ఎల్లగొడ్తడు. నాలుగు దెబ్బలు తిన్నా ఫికర్ లేదు, షోలాపూర్ పోవచ్చు."

దేవప్ప కత్తిని నిప్పుల్లో పెట్టాడు. దాని మొనతో వీపుపలక చుట్టూ సరేసు కరిగించి విడదీశాడు. రెండు వేళ్ల మందం టేకు పలక ఒకటి కోసి, లోపల, దేవదారు ముఖానికి ఆనించి అంటించాడు.  ముప్పై ఏళ్లలో అతను ఏ వస్తువునూ కావాలని చెడగొట్టలేదు.

తెల్లారి వీపు మూసి, మళ్లీ మీటాడు. దబ్‌మంది. అంతే. రామవ్వ ముఖం తిప్పుకుని, గిన్నెను మూటలో పెట్టి గట్టిగా ముడి వేసింది.

గడీలో దొర వాలుకుర్చీలో ఉన్నాడు. చినదొర ఆత్రంగా గిటారు అందుకుని మీటాడు. ఇంకోసారి మీటాడు. చెవి దగ్గర పెట్టుకుని మీటాడు.

"గిదేం గిటారు? గోనెసంచి మీద కొట్టినట్టున్నది! వీడేం వడ్లోడు నాయినా?" దాన్ని దివాన్ మీదికి విసిరేసి, విసవిసా మేడ మెట్లెక్కి పోయాడు.

దేవప్ప నేల మీద సాగిలపడ్డాడు. "నీ బాంచెన్ దొరా, నాకు చాతనైంది గింతే. ఇడిస్తే పోత."

దొర లేచి గిటారు చేతిలోకి తీసుకున్నాడు. వేలితో ఒకసారి తట్టి చూశాడు.

"బీరా, దర్వాజ వెయ్యి."

తలుపు మూసుకుంది. కొరడా ఎక్కడుందోనని దేవప్ప ఓరగా గోడ వంక చూశాడు. నాలుగు దెబ్బలు, అంతే, తర్వాత షోలాపూర్ బాట. వీపు బిగబట్టి కళ్లు మూసుకున్నాడు.

వీపు మీద పడింది దెబ్బ కాదు, దొర చెయ్యి. నెమ్మదిగా తట్టింది.

"శెబాష్ రా వడ్లోడా! ఏడాదిసంది మా పిలగాని మోతకు నాకు కంటిమీద కునుకు లేదు, గిటారు ఇయ్యకపోతే వాడు అన్నం తినడు. అడిగింది ఇచ్చినట్టాయె, సప్పుడు రాకుంటనాయె! గసుంటి చెయ్యిని బయటికి ఇడుస్తనా? రేపటిసంది నీ మకాం గడీలనే."