బీకాం క్లాసు

“అది జిమ్ము. ఇది మన గ్రౌండు. ఆటగాళ్ళకు హాస్టల్లో రోజూ గుడ్లు, పాలు,” అంటూ జరీనా నెమ్మదిగా ముందు నడుస్తోంది. వైట్‌ఫీల్డ్‌లోని ఆ కాలేజీ కబడ్డీ జట్టులో ఆమెకిది మూడో ఏడాది.

స్పోర్ట్స్ కోటాలో సీటొచ్చిన అంబిక, హొసకోటె నుంచి తల్లి మారెమ్మతో కలిసి చేరడానికి వచ్చింది.

“అక్కా, బీకాం క్లాసు యాపక్క ఉండాది? నేను బ్యాంకు పరీక్ష రాయాల.”

జరీనా ఆగింది. అటుగా పోతున్న ఒకమ్మాయిని పిలిచి, “బీకాం ఫైనలియర్ యాడ కూర్చుంటారు?” అని అడిగింది.

అంబిక నివ్వెరపోయింది. “నువ్వూ బీకామే అంటివే అక్కా!”

“బీకామే. పొద్దునా సాయంత్రం ప్రాక్టీసు, మిగతా దినాలు టోర్నమెంట్లు. హాజరు కోచ్ సారే వేయిస్తా ఉండె. మోకాలు పోయినాక ఇప్పుడు క్లాసుకు పొమ్మంటా ఉండారు.”

అంబిక తల్లి చెయ్యి పట్టుకుంది. “మా, ఇంటికి పోదాం పా.”

మారెమ్మ కదల్లేదు. “ఫీజు లేకుండా ఇంగ యాడ చేర్చుకుంటారు పాపా?”



“రా, నీ మంచం చూపిస్తా,” అంది జరీనా. “నాదే అది. నిన్ననే ఖాళీ చేసినా.”