తేలుదారి మీద లారీ డ్రైవరు

సముద్రం ముందుకొచ్చి పాత హైవేను మడ అడవిలో కలిపేసుకున్నాక, కోరంగి తీరానికి మిగిలింది ఒక్కటే దారి: నీళ్ల మీద తేలుతూ పోటుకు లేచి, ఆటుకు దిగే తేలుదారి. దాని మీద సైకిళ్లు తప్ప మోటారు బండి తిరగకూడదు. జీవాలు బెదురుతాయని బెల్లు కూడా మోగించకూడదు.

జీవితమంతా లారీ తోలిన నూకరాజుకు సైకిలు రాదు. పీతలమ్మే భార్య మరిడమ్మే ఇన్నాళ్లూ అతన్ని వెనక కూర్చోబెట్టుకుని సంతకూ పెళ్లిళ్లకూ తిప్పింది. అంత మొనగాడూ పెళ్లాం బండిలో సరుకైపోయాడని జనం నవ్వేవాళ్లు. దాంతో పట్టుబట్టి, మోకాళ్లు చెక్కుకుపోయినా నేర్చుకుని, ఈ ఉదయం ఆమెను, ఆమె ఒళ్లో పీతల బుట్టను ఎక్కించుకుని బయల్దేరాడు.

మలుపు తిరగ్గానే నీటికుక్కల గుంపొకటి అడ్డం వచ్చింది. నూకరాజు అరచెయ్యి అలవాటుగా హారన్ కోసం తడిమింది. గాలే తగిలింది. సైకిలు వంకర్లు పోయింది. ఎలాగో బ్రేకు నొక్కి, కాళ్లు ఆనించి నిలబెట్టాడు. తల్లి నీటికుక్క అతన్ని ఎగాదిగా చూసి, పిల్లల్ని తీరిగ్గా దాటించుకుపోయింది.

అసలు పరీక్ష అప్పుడు మొదలైంది. బరువుతో ఆగిన సైకిల్ని మళ్లీ కదిలించడం ఇంతవరకూ అతని వల్ల కాలేదు.

“దిగమంటావేటయ్యా?” అంది మరిడమ్మ.

“లోడు దింపి బండి తీసేవోడు డ్రైవరేటే? కూకో!”

పెడల్ మీద లేచి నిలబడి, ఒంటి బరువంతా వేసి తొక్కాడు. సైకిలు ఊగింది, తూలింది, ఆపైన తిన్నగా సాగిపోయింది.

అంతవరకూ అతని నడుం గట్టిగా పట్టుకున్న మరిడమ్మ చెయ్యి వదిలేసింది. లారీ క్లీనరులా బుట్టను రెండుసార్లు చరిచి, అడవి జడుసుకోకుండా గుసగుసగా కేకేసింది: “రైట్... రైట్!”