పొడి దుప్పట్లు

"మా డాబా ఏమన్నా నీ దండెం అనుకున్నావా?"

టైలరమ్మ ఎనిమిదో దుప్పటిని కూడా ఉండచుట్టి పిట్టగోడ అవతలికి విసిరేసింది.

అవతల, పక్కింటి డాబా మీది ఒంటి గదిలో అద్దెకుంటున్న పెద్దావిడ వాటిని ఒక్కొక్కటే ఏరుకుంది.

ఆవిడ దిగి రెండు నెలలైంది. వచ్చిన మర్నాడే, "మా వైపంతా నీడమ్మా. మీ సోలార్ ప్యానెళ్ళ కింద ఆరేసుకోనా?" అని అడిగింది. పోనీలే అనుకుంది టైలరమ్మ. అప్పటినుంచీ రోజూ పొద్దున్నే ఎనిమిది తెల్ల దుప్పట్లు, మూలల్లో రాళ్ళు పెట్టి, నల్లటి తారు నేలంతా పరిచేది. ఒంటరి మనిషికి రోజుకు ఎనిమిది దుప్పట్లేమిటి! ఊళ్ళోవాళ్ళవి ఉతికి బతుకుతుంది కాబోలని వీధంతా ఆవిడకు దుప్పట్లమ్మ అని పేరు పెట్టేసింది.

"తల్లీ, నన్నెంతైనా తిట్టు. దుప్పట్లు మాత్రం ఉండనీ."

"ఎందుకుండనివ్వాలి? నిన్న కరెంటొచ్చేసరికి బ్యాటరీలో చుక్క మిగల్లేదు. మా ఎండంతా నీ దుప్పట్లే తాగేస్తున్నాయి!"

కింది గదిలో టైలరమ్మ భర్త ఉన్నాడు. ఇరవయ్యేళ్ళు బస్సు నడిపిన మనిషి. ఊపిరితిత్తులు చెడి మంచాన పడ్డాడు. ముక్కుకు గొట్టం, పక్కన ఆక్సిజన్ మిషను. రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా కరెంటు కోత. ఆ నాలుగు గంటలూ మిషను బ్యాటరీ మీద నడవాలి, ఆ బ్యాటరీ ఎండతో నిండాలి. అందుకే సోలార్ మెకానిక్ దగ్గర పాత ప్యానెళ్ళు కొని బిగించుకున్నారు.

వారం కిందట డాక్టరు మిషనులో గాలి పెంచమన్నాడు. బ్యాటరీ అంచుకొచ్చింది అందుకే. కానీ ఆయన రోగం ముదిరిందని ఒప్పుకోవడం కంటే దుప్పట్ల మీద విరుచుకుపడడం తేలిక కదా!

"పైగా నిన్న ప్యానెళ్ళ అడుగు తుడుస్తున్నావు, చూశానులే. ఎండ పైనుంచి పడుతుందా, కిందనుంచి మొలుస్తుందా?"

"అవి రెండు వైపులా పనిచేస్తాయమ్మా. అడుగున కూడా..."

"దుప్పట్లు ఉతికేదానివి, నాకు కరెంటు పాఠాలు చెప్పొచ్చావా? నీకెలా తెలుసు?"

దుప్పట్లమ్మ నోరు తెరిచింది. అంతలో కిందనుంచి దగ్గు వినిపించింది. తెరిచిన నోరు మూసుకుని గదిలోకి వెళ్ళిపోయింది.

"పీడ వదిలింది," అంది టైలరమ్మ, భర్తకు దిండు సర్దుతూ.

"పాపం... ఆరేసు... కోనీ..." అన్నాడాయన.

ఆ రోజు ఎండ నిప్పులు చెరిగింది. అయినా ఏడుంపావుకు మిషను కుయ్యిమని ఆగిపోయింది.

కరెంటు రావడానికింకా ముప్పావు గంట ఉంది.

"ఇటు చూడండి! నన్ను చూడండి!"

ఆయన చూడలేదు. పెదాలు నీలంగా మారుతున్నాయి. అంబులెన్సుకు ఫోన్ చేస్తే గంట పడుతుందన్నారు. టైలరమ్మ గుమ్మంలోకొచ్చి, ఎవరైనా రండి బాబోయ్ అని అరిచింది.

ఆమెను పక్కకు తోసుకుంటూ లోపలికొచ్చింది దుప్పట్లమ్మ. ఆయన్ని లేపి కూర్చోబెట్టి, ఒళ్ళో దిండు పెట్టి, దాని మీదికి ముందుకు వంచింది.

"తమ్ముడూ, భయపడకు. పెదాలు ముడిచి మెల్లగా వదులు. కొవ్వొత్తి ఆరకుండా ఊదినట్టు. అదీ... మళ్ళీ..."

ఎనిమిదింటి దాకా ఊదిస్తూనే ఉంది. కరెంటు వచ్చింది. మిషను మళ్ళీ మొదలైంది.

"ఇదంతా నీకెవరు నేర్పారు?" వెక్కిళ్ళ మధ్య అడిగింది టైలరమ్మ.

దుప్పట్లమ్మ ఆయన ముక్కు గొట్టం సరిచేసింది. చేతులు కొంగుకు తుడుచుకుని వెళ్ళిపోయింది.

తెల్లారగానే క్షమించమని అడగడానికి టైలరమ్మ డాబా ఎక్కింది. పక్క గది ఖాళీ. పిట్టగోడ మీద ఎనిమిది దుప్పట్లు మడతపెట్టి ఉన్నాయి.

కాసేపటికి, బ్యాటరీ చూడమని పిలిపించిన మెకానిక్ వచ్చాడు.

"నేలింకా నల్లగానే ఉంచారేంటమ్మా? అడుగున తెల్లగా ఉండాలని బిగించిన రోజే మొత్తుకున్నాను కదా!"

"ఆ రోజు నా చెవులు ఆయన దగ్గు మీదే ఉన్నాయి బాబూ."

"నేల తెల్లగా ఉంటే ఎండ దాని మీద పడి పైకి కొడుతుంది. ఆ వెలుగు ప్యానెల్ వీపుకు తగులుతుంది. వీటికి వీపు కూడా పనిచేస్తుందమ్మా."

కిందనుంచి మొలుస్తుందా అన్న తన మాట టైలరమ్మకు గుర్తొచ్చింది. గబగబా దుప్పట్లు దించి నేల మీద పరచసాగింది. అప్పుడు తట్టింది. నిన్న పొద్దున్న విసిరేసినవీ ఇలాగే ఉన్నాయి, పొడిగా, తేలిగ్గా. ఆవిడ వాటిని ఏ రోజూ తడపనే లేదు.

ప్యానెళ్ళ పక్కనున్న మీటరులో అంకె కదిలి పైకెక్కింది.

మెకానిక్ మాత్రం మీటరు చూడలేదు. దుప్పటి అంచున ఉన్న నీలం దారం కుట్టునే చూస్తున్నాడు.

"ఇవి మీకెక్కడివమ్మా?"

"పక్కింట్లో ఒకావిడ ఉండేది. ఏం?"

"ఈ ప్యానెళ్ళు నాకు అమ్మినావిడవి. గీతలు పడతాయని వీటినే చుట్టి ఇచ్చింది. తర్వాత దుప్పట్ల కోసం షాపుకొచ్చి, ప్యానెళ్ళు ఎవరికిచ్చావని అడిగింది. ఊపిరి మిషను ఉన్న ఇంటికన్నాను. మీ వీధి ఎక్కడో అడిగి రాసుకుంది."

టైలరమ్మ దుప్పటి మూల మీద రాయి పెట్టింది.

"ఎందుకు అమ్మేసింది?"



"వాళ్ళమ్మాయికీ ఇదే మిషను, ఇలాంటిదే నల్ల డాబా," అన్నాడు మెకానిక్. "కరెంటు కోతలో మిషను ఆగి ఆ పిల్ల పోయాక, ప్యానెళ్ళు విప్పుతూ నేనే నోరు జారానమ్మా, అడుగున తెల్ల దుప్పట్లు పరిచి ఉన్నా బ్యాటరీ ఇంకో ముప్పావు గంట వచ్చేది కదండీ అని."