బెల్టు మీద రెండక్షరాలు

"నూనె అనుకుని రాశారా, రంగని తెలిసే రాశారా మామయ్యా?"

ఓతీలియా బెల్టును బల్ల మీద పడేసింది. మూడు నెలలు తెల్ల నారదారంతో ఆమె కుట్టిన పూలూ తీగలూ గోధుమరంగులో మునిగిపోయాయి. తోలుకు రంగు ముందు, కుట్టు తరవాత, చివర్న ఉత్త నూనె. తోలుపనికి పేరుపడ్డ ఈ మెక్సికో ఊరు కొలోత్లాన్‌లో పసిపిల్లలకైనా తెలిసిన సంగతి. యాభై ఏళ్లుగా ఈ పని చేస్తున్నవాడు పొరబడతాడా?

"సీసాలు తారుమారయ్యాయమ్మాయ్," అన్నాడు మామగారు దోన్ క్రెసెన్సియో. "మరకపడ్డ దారం నేను విప్పుతాను, నువ్వు మళ్లీ కుట్టు. ఆదివారం గుర్రప్పందేలకి అందించేద్దాం."

విప్పుతాడట! ముందుగా ఏది విప్పుతాడో ఆమెకు తెలుసు. ఈ దుకాణంలో కుట్టెవరిదైనా గుర్తు ఆయనదే. ఈసారి బకిల్ పక్కన ఆమె తన పేరు అక్షరాలు రెండు, బొటనవేలంతేసి, కుట్టేసింది.

ఆయన బెల్టును ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకున్నాడు. దారం విప్పబోయిన సూది పువ్వును వదిలేసి ఉత్త తోలును గుచ్చింది. మళ్లీ గుచ్చింది.

"నా అక్షరాలు చూసి కడుపుమండిందని ఒప్పుకోండి."

"ఏ అక్షరాలు?"

అవి సరిగ్గా ఆయన కళ్లెదుటే ఉన్నాయి.

ఓతీలియా ఆయన పక్కకి వచ్చింది. ఆయన వేలు పట్టుకుని అక్షరాల మీద పెట్టింది. వేలు వాటిని రెండుసార్లు తడిమింది.

"ఎన్నాళ్ల నుంచి మామయ్యా?"

"ఇవి మాత్రం విప్పకు," అంటూ ఆయన సూది ఆమె చేతికిచ్చాడు. "మా అబ్బాయికి చెప్పకు, పని మాన్పించేస్తాడు."

ఆమె నారదారం ముక్క తెంపి, రంగు సీసా మెడకు ముడేసి, ఆయన వేలిని ఆ ముడి మీద పెట్టింది.