ఎముకలత్తయ్య

"ప్లాస్టిక్‌ది వస్తోంది మాస్టారూ. దీన్ని పంపించేద్దాం," అంది హెడ్‌మేడం, అస్థిపంజరం వైపు చూడకుండా. "నిజం ఎముకలంటే తల్లిదండ్రులు ఊరుకోవడం లేదు."

సైన్సు మాస్టారు తల ఎత్తలేదు. మెడికల్ కాలేజీ చుట్టూ చెప్పులరిగేలా తిరిగి దాన్ని స్కూలుకి తెప్పించింది ఆయనే. పిల్లలు దానికి ఎముకలత్తయ్య అని పేరు పెట్టుకున్నారు.

"ఒక్క క్లాసు చూడండి. నాలుగు సబ్జెక్టులూ దీంతోనే చెప్తాం. అప్పటికీ పనికిరాదంటే పంపేయండి."

ఒక ఒరలో రెండు కత్తులే ఇమడవంటారు. ఆ మధ్యాహ్నం ల్యాబులో ఏకంగా నలుగురు టీచర్లు నిలబడ్డారు. వెనక బల్ల మీద హెడ్‌మేడం.

"కటి ఎముక వెడల్పు చూడండి. ఆడమనిషి," అన్నాడు సైన్సు మాస్టారు.

లెక్కల మాస్టారు తొడ ఎముక కొలిపించి ఎత్తు లెక్క కట్టించాడు. "అయిదడుగులు. మన డ్రాయింగ్ టీచరంత."

"నన్నెందుకు లాగుతారు మధ్యలో," అంటూనే డ్రాయింగ్ టీచరు పక్కటెముకలు గీయించింది.

కథలూ పద్యాలూ చెప్పే టీచరమ్మ ముందుకొచ్చింది. "ఈవిడ ఎలాంటి మనిషో ఊహించండి."

"గయ్యాళి," అన్నాడు వెనక బెంచీవాడు. "ఆ పళ్ళు చూడండి టీచర్, మొగుణ్ణి తిట్టి తిట్టి అరిగిపోయాయి."

క్లాసు గొల్లుమంది. సైన్సు మాస్టారూ నవ్వాడు, అందరికంటే కాస్త ఆలస్యంగా.

"పిల్లలున్నారా సార్ ఈవిడకి?"

"ఎముకలు అన్నీ చెప్పవమ్మా."

ముందు బెంచీ పిల్ల ఎడమ మణికట్టు దగ్గర వంకర చూపించింది. "ఇది విరిగి అతుక్కుంది కదా సార్?"

"అవును. సైకిల్ మీంచి పడుంటుంది."

"సైకిలే అని ఎలా చెప్తారండీ?" అన్నాడు లెక్కల మాస్టారు.

"ఊహించమన్నారుగా."

హెడ్‌మేడం లేచింది. "సరే మాస్టారూ, మీరే గెలిచారు. ఎముకలత్తయ్యని ఇక్కడే ఉండనివ్వండి. ప్లాస్టిక్‌ది చిన్న క్లాసులకిద్దాం."

ఆయన తలూపాడు. సంతోషం రావలసిన చోట ఏమీ రాలేదు.

బెల్లు మోగింది. అందరూ వెళ్ళిపోయారు. బయట చినుకులు మొదలయ్యాయి.

ఆయన కిటికీ మూసి, జేబురుమాలు తీసి అస్థిపంజరం ఎడమ మణికట్టుకి చుట్టాడు. పెళ్ళైన కొత్తలో తను సైకిల్ నేర్పుతూ, వదలనంటూనే వెనక సీటు వదిలేసిన నాటి నుంచీ, వానొస్తే ఆ చెయ్యి సలుపుతుందని భార్య పోయేదాకా అంటూనే ఉండేది.