గంగి చాపిన చెయ్యి

కొత్త మందులన్నీ గాజుగిన్నెల్లో పెంచిన మనిషి కణాల మీదే పరీక్షించే రోజులొచ్చాక, ప్రయోగశాలల్లో మిగిలిన కోతులను సాకినవాళ్ళకే ఇచ్చేశారు. ఓబులేసు గంగి అనే ఆడకోతిని కర్నూలులోని తన ఇంటికి తెచ్చుకున్నాడు. అరటిపండుతో దగ్గరికి వెళ్తే, అది పండు వంక చూడకుండా ఎడమచెయ్యి చాపి, మొహం పక్కకు తిప్పుకునేది.

"అట్ల సాపుతాదేంది?" అని భార్య సుంకమ్మ అడిగింది.

"సూది ఏస్తాననుకుంటాది. పదకొండేండ్లు నేనే ఏసినా."

ఆనాటి నుంచి అతను పండు పెరటి గట్టు మీద పెట్టి, దూరంగా కూర్చునేవాడు. నెల దాటాక ఒక ఉదయం గంగి తనంతట తానే పక్కకు వచ్చింది. అతని చెయ్యి ఒళ్ళోకి లాక్కుని, వెంట్రుకలు విడదీస్తూ పేలు వెతకసాగింది.

"టీ సల్లారిపోతాంది" అని లోపలి నుంచి సుంకమ్మ పిలిచింది.

"సల్లారనీలే. చెయ్యి ఖాళీ లేదు" అన్నాడు ఓబులేసు.