ఊరు ఊడ్చిన రోజు

వాడి జంక్షన్ వైపు నుంచి వచ్చిన పాసింజరు బండి దిగి, ముసలామె తాండూరు స్టేషన్ బయటికి వచ్చిందో లేదో, ఎవరో చెయ్యి పట్టి లారీ వైపు లాగారు.

చంకలో మూట, ఎడమ చేతికి వెండి కడెం, కాళ్లకు చెప్పుల్లేవు. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

"ఎక్కు, ఎక్కు!" అన్నాడు శానిటరీ ఇన్‌స్పెక్టర్ బాల్‌రాజ్.

"ఎందుకెక్కాలె కొడుకా? నాకు పనున్నది."

"అడుక్కునేటోళ్లకు ఏం పనే?"

ఆ రోజు వికారాబాద్ మీదుగా మంత్రిగారు వస్తున్నారు. ఏడాది పొడుగునా చీపురు ముఖం చూడని బజారును మున్సిపాలిటీ వాళ్లు ఊడ్చి ఊడ్చి చంపారు. మురికి కాలువ మీద తడకలు పరిచి, వాటి మీద రంగు కాగితాలు అంటించారు. కంపుకు ఏం చేయాలో తెలియక అగరొత్తులు వెలిగించారు.

ఇక మిగిలింది మనుషులు. చూడ్డానికి బాగాలేని వాళ్లందరినీ చెత్త లారీలో తీసుకెళ్లి ఊరవతల దింపి రమ్మని చైర్మన్ రామచందర్ గారి హుకుం. నైజాం పోయి ప్రజల రాజ్యం వచ్చిందంటే ఇదే మరి! చొక్కా చిరిగిన పాపానికి ఒక హమాలీ కూడా అప్పటికే లారీలో కూర్చుని ఉన్నాడు.

గంజి పెట్టిన షేర్వానీ ఫెళఫెళలాడిస్తూ చైర్మన్ గారే వచ్చారు.

"ఏందిరా లొల్లి?"

"గీమె ఎక్కనంటున్నది సార్."

ముసలామె చేతులు జోడించింది. "కొడుకా, నువ్వన్న చెప్పు. నేను అడుక్కునేదాన్ని కాదు. జల్ది పోవాలె. రెండు పానాల ముచ్చట."

"ఎవరింటికి పోవాలె?"



"గది తొవ్వల చెప్పొద్దు కొడుకా."

"చూసినవా! ఇల్లు లేదు, వాకిలి లేదు," అన్నారు చైర్మన్ గారు. ఊరిని ఏలేవాడికి ఉండాల్సిన తెలివి ఆయనకు కాస్త ఎక్కువే. "మూటల ఏమున్నది?"

బాల్‌రాజ్ మూట లాగాడు.

"ముట్టకు! చేతులు కడుక్కొని కట్టిన మూట గది!"

అందరూ పడీ పడీ నవ్వారు. అడుక్కునేదానికి మడి కూడానా! గుంజులాటలో మూట కాలువలో పడింది. రంగు కాగితాలు చిరిగాయి. అందుకు బాల్‌రాజ్ ఆమెనే తిట్టాడు.

"కొడుకా, నీ కాల్మొక్త..."

"ఎవరే నీకు కొడుకు? యాలాల్ దాటించి దింపుండ్రి. మళ్ల నడిచి రాకుంట!"

లారీ వెళ్లిపోయింది. ఊరు శుభ్రమైంది.

కాసేపటికి చైర్మన్ గారింటి పనామె యాదమ్మ రొప్పుతూ వచ్చింది.

"దొరా, అరుణమ్మకు నొప్పులు ఎక్కువైనయ్. బిడ్డ అడ్డం తిరిగిందట. దవాఖానకు పోతే నర్సమ్మ లేదు. జర పంపమన్నది పెద్ద దొరసాని."

అరుణ చైర్మన్ గారి ఒక్కగానొక్క కూతురు. నర్సు పద్మమ్మ ఎక్కడో లేదు, స్వాగత ద్వారం కింద హారతి పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. నిలబెట్టింది చైర్మన్ గారే.

"పోయొస్త సార్," అంటూ పద్మమ్మ పళ్లెం దింపబోయింది.

"ఆగమ్మా! మంత్రిగారికి హారతి ఎవరు పడ్తరు, బాల్‌రాజా? తొలి కాన్పు, టైం పడ్తది. సార్ వచ్చిపోంగనే పంపిస్త."

యాదమ్మ కళ్లు తుడుచుకుంటూ వెనక్కి పోయింది.

కర్పూరం వెలిగించడం, ఆరిపోవడం, మళ్లీ వెలిగించడం. పొద్దు వాలింది. అప్పుడు వచ్చింది కబురు: మంత్రిగారు వికారాబాద్‌లో భోంచేసి, ఎండగా ఉందని అటు నుంచి అటే హైదరాబాదు వెళ్లిపోయారట.

మంత్రిగారిని తిట్టలేక బాల్‌రాజ్‌ను తిట్టి, పద్మమ్మను వెంటబెట్టుకుని చైర్మన్ గారు ఇంటికి ఉరికారు.

గడపలో ఆయన తల్లి అనసూయమ్మ దారి చూస్తూ కూర్చుని ఉంది. పద్మమ్మ పసుపు కుంకుమలంటిన చేతులతోనే లోపలికి పరిగెత్తింది.

"స్టేషన్ కాడ బీరమ్మ అగుపడలేదారా?" అడిగింది తల్లి.

"ఏ బీరమ్మ?"

"బషీరాబాద్ మంత్రసాని. అడ్డం తిరిగిన బిడ్డను సరిచేసేటిది గీ చుట్టుపక్కల గామె ఒక్కతే. పగటి బండికి రమ్మని, ఇంటి ఆనవాలు చెప్పి కబురంపిన. ఎదురు పంపుదామంటే ఉన్న మనుషులందరినీ తోరణాలు కట్టనీకి పట్టుకపోతివి."



"చేతికి... వెండి కడెం ఉంటదా?"

"ఉంటది. చూసినవా? మరి తోలుకరాకపోతివి?"

"ఎవరింటికంటే చెప్పలేదమ్మా! యాలాల్ అవతల దింపి రమ్మని... చెత్త లారీల..."

"ఎట్ల చెప్తదిరా? కాన్పుకు పోయేటిది ఎవరింటికో తొవ్వల చెప్తే తల్లికి దిష్టి తగుల్తది. గంత తెల్వదా నీకు?"

లోపల అరుణ అరుపులు ఆగిపోయాయి. పసికందు ఏడుపు కోసం ఇద్దరూ చెవులు రిక్కించారు. ఏమీ వినిపించలేదు.

పద్మమ్మ వచ్చి ద్వారం దగ్గర తల దించుకుని నిలబడింది. "తల్లి దక్కింది సార్. బిడ్డ ఊపిరి తీస్తలేదు. నాతోని కాలేదు."

"లారీ! లారీ ఏడున్నదిరా!" అంటూ చైర్మన్ గారు పిచ్చివాడిలా వీధిలోకి దూకబోయారు.

అనసూయమ్మ కొడుకు షేర్వానీ అంచు పట్టుకుని ఆపింది. ఆమె కళ్లలో చుక్క నీరు లేదు.

"నువ్వు గూడ గిట్లనే ఏడవకుంట పుట్టినవ్‌రా," అంది. "చచ్చి పుట్టిండని మేమందరం ఇడిసిపెడితే, నీ నోట్లె నోరు పెట్టి ఊపిరి పోసింది గా బీరమ్మనే."